వంశీధర్‌రావు గారి అరిగిన పతకం

కరీంనగర్‌లో వంశీధర్‌రావు గారిని ఎరగనివారు తక్కువ. ఒకప్పుడు రైసుమిల్లు యజమాని, ఇప్పుడు ఊరందరికీ పతకాల సారు. మంకమ్మతోటలోని ఆయన మేడలో ముందుగది గోడల నిండా అద్దాల బీరువాలున్నాయి. వాటిలో ముదురు నీలం మఖ్‌మల్ గుడ్డ మీద పందొమ్మిదో శతాబ్దపు సాహస పతకాలు వరసగా పడుకొని ఉంటాయి. బ్రిటిష్‌వాళ్లు ఈ దేశంలో చేసిన యుద్ధాలవీ, ఈ దేశపు సిపాయిలను తోలుకుపోయి అఫ్ఘాన్‌లోనూ బర్మాలోనూ చేసిన యుద్ధాలవీ. సిపాయిల తిరుగుబాటును అణచినందుకు సిపాయిలకే ఇచ్చినవి కూడా ఉన్నాయి. చెప్పులు విడవనిదే ఆ గదిలోకి ప్రవేశం లేదు. పతకాన్ని తాకాలంటే తెల్లటి నూలు తొడుగులు వేసుకోవాలి, అదీ ఆయన ఒక్కడే.

పిల్లలను బస్సులో తెచ్చి ఆ గది చూపించే ఉపాధ్యాయులూ, ఆదివారం పేజీలు నింపే విలేకరులూ ఆయన మీద రాసినవి చాలా ఉన్నాయి. అవన్నీ ఆయన చెప్పింది విని రాసినవి. ఆయన చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పుట్టింది సుల్తానాబాద్ దగ్గరి పల్లెలో, ఊరి పొలంలో ఎక్కువ భాగం తమదే అయిన కుటుంబంలో. డెబ్బయ్యో దశకం చివర ఆ ఊళ్లో కూలిసంఘం పెట్టారు. జీతగాళ్లు ఒక్కొక్కరే వాళ్ల గడీ ముఖం చూడటం మానేశారు. అప్పటికి యువకుడైన వంశీధర్‌రావు తల్లిదండ్రులతో కలిసి కరీంనగర్ వచ్చేశాడు. ఆ రోజులను ఆయన ఇప్పటికీ అజ్ఞాతవాసం అంటాడు. ఆ వాసం జరిగింది ఇదే మేడలో, నౌకర్లతో సహా. ఖాళీ అయిన గడీలో పోలీసు క్యాంపు దిగింది. ఊరి యువకుల పేర్లు ఆ క్యాంపుకు ఎవరు చేరవేశారో ఊరికి తెలుసు. నా దగ్గర రుజువు లేదు కనుక నేను రాయను. క్యాంపుకు తాళంచెవి ఇచ్చింది ఎవరన్నదానికి మాత్రం రుజువు అక్కర్లేదు. అది వాళ్ల ఇల్లు.

మిల్లు నిలదొక్కుకున్నాక ఆయనకు పతకాల పిచ్చి పట్టింది. హైదరాబాద్ జుమ్మేరాత్ బజారులో పాత ఇత్తడి సామాన్ల మధ్య ఒక వెండి బిళ్ల దొరికింది. దాని అంచు మీద సన్నటి అక్షరాలతో ఒక సిపాయి పేరు, పటాలం పేరు చెక్కి ఉన్నాయి. భూతద్దం కింద ఆ అంచును తిప్పుతూ చదివిన క్షణం తన జీవితాన్ని మార్చేసిందని ఆయన ప్రతి సభలోనూ చెబుతాడు. నమ్మదగిన మాటే. ఆయన వంశంలో ఎవరూ ఏ యుద్ధానికీ పోలేదు. పోవలసి వచ్చినప్పుడల్లా మరొకరి కొడుకును పంపారు. అలాంటి ఇంటివాడికి మరొకరి ధైర్యం అరచేతిలో పట్టేంత చిన్నదై, చల్లగా, బరువుగా దొరికితే మత్తెక్కదా?

విద్యలో ఆయనకు లోటు లేదని ఒప్పుకోవాలి. అచ్చుపోసిన నకిలీని గోటితో మీటి చెబుతాడు. రిబ్బను కొత్తదా పాతదా అన్నది దారం మెలిక చూసి చెబుతాడు. పతకాన్ని తోమినవాడిని క్షమించడు. తోమితే వెండితో పాటు చరిత్ర కూడా పోతుందంటాడు. అయితే చాలా ఏళ్ల పాటు ఆయన బీరువాలో ఒక చోటు ఖాళీగా ఉండేది. ఆ శతాబ్దంలో బ్రిటిష్‌వాళ్ల అత్యున్నత పతకం విక్టోరియా క్రాస్ ఈ దేశపు సిపాయిలకు ఇచ్చేవారు కాదు. నల్ల సిపాయి ఎంత సాహసం చేసినా దక్కేది ఆర్డర్ ఆఫ్ మెరిట్ మాత్రమే. ఎనిమిది కోణాల నక్షత్రం, నడుమ అడ్డంగా రెండు కత్తులు, చుట్టూ 'రివార్డ్ ఆఫ్ వాలర్' అన్న అక్షరాలు. మూడో తరగతిది పూర్తిగా వెండి. దాని మీద సాధారణంగా సిపాయి పేరు చెక్కేవారు కాదు. ఖాళీగా ఉన్న చోటు దానిదే.

లక్సెట్టిపేటలో పాత కలప అమ్మే వ్యాపారి ఒకరోజు దాన్ని గుడ్డలో చుట్టి తెచ్చాడు. నాలుగు మేకు రంధ్రాలున్నాయి. ముఖం బాగా అరిగిపోయి కత్తులు నీడల్లా మిగిలాయి, అక్షరాల్లో సగం లేవు. అయినా అసలుదే. ఎక్కడిదని అడిగితే వ్యాపారి దర్వాజకు ఉండెనని చెప్పాడు. దర్వాజ అంటే ద్వారబంధం. ద్వారబంధానికి పై కమ్మీ ఉంటుంది, కింద గడప ఉంటుంది. పతకం ఎక్కడ ఉండేదో ఆయన అడగలేదు. దేవుడి బొమ్మలు చెక్కే పై కమ్మీకే ఉండి ఉంటుందని తేల్చుకున్నాడు. వీరుడి పతకానికి ఇంకెక్కడ చోటుంటుంది అని ఆయన తర్కం.

అది ఎల్లక్క ఇంటి గడప.

ఎల్లక్కది మంచిర్యాల జిల్లాలో గోదావరి పక్క ఊరు. ఇప్పుడు ఆ ఊరు లేదు, ఓపెన్‌కాస్ట్ గని ఉంది. ఊరివాళ్లకు వేరేచోట సిమెంటు ఇళ్ల కాలనీ ఇచ్చారు. ఊరు ఖాళీ చేయించినప్పుడు ఇచ్చిన ఉత్తర్వులో కలప, పెంకులు, తలుపులు ఇంటివాళ్లు తీసుకుపోవచ్చని, దానికి ఫలానా తేదీ వరకు గడువని స్పష్టంగా రాసి ఉంది. గడువు ముగియకముందే, ఎల్లక్కా ఆమె కొడుకు ప్రేమ్‌సాగర్ కాగజ్‌నగర్‌లో చుట్టాల చావుకు పోయి ఉండగా, కూల్చివేత గుత్తేదారు యంత్రాన్ని దింపాడు. వాళ్లు తిరిగొచ్చేసరికి గోడలు కుప్పగా ఉన్నాయి, ద్వారబంధం పాతకలప బజారుకు చేరింది. ఎల్లక్క మిగతావేవీ వెతకలేదు. గడప ఏదని మాత్రమే అడిగింది.

ఎందుకో తెలియాలంటే ఆ ఇంటి కథ తెలియాలి. నిర్మల్ అడవుల్లో గోండులూ రొహిల్లాలూ కలిసి తిరగబడిన కాలంలో ఆ ఇంటి మూలపురుషుడు లచ్చయ్య, బ్రిటిష్ అధికారుల కింద నడిచే కంటింజెంట్ పటాలంలో సిపాయి. అతని భార్య అన్నదమ్ములు తిరుగుబాటుదార్లతో కలిసి గుట్ట మీద దాక్కున్నారు. ఆమె వాళ్లకు వెనకదారిన అన్నం మోసేది. ఒకసారి మూట బరువైతే లచ్చయ్యనే తోడు తీసుకుపోయింది. ఆ తర్వాత అదే దారిన లచ్చయ్య పటాలాన్ని ఎక్కించాడు. తాను ముందు నడిచాడు కనుక సాహసమన్నారు, నక్షత్రం తగిలించారు. అతను దాన్ని ఛాతీ మీద పెట్టుకొని ఇంటికి వస్తే, భార్య వడ్రంగిని పిలిపించి గడప నడుమ మేకులతో కొట్టించింది. కొట్టించేదాకా పొయ్యి ముట్టించలేదట.

ఆనాటి నుంచి ఆ ఇంటిది ఒక ఆచారం. లోకమంతా గడపను లక్ష్మి అంటుంది, తొక్కకుండా దాటుతుంది, పసుపు రాస్తుంది. ఆ ఇంట్లో పసుపు రెండు చివరలకే. నడుమ వెండిని వచ్చేవాళ్లు, పోయేవాళ్లు అందరూ తొక్కాలి. కొత్త కోడలు అన్నిటికన్నా ముందు ఎడమకాలు దాని మీద మోపాలి, అప్పుడు అత్త ఒక మాట చెబుతుంది, ఆ మాట విన్నాకే కుడికాలు లోపలికి. ఎల్లక్క అలాగే వచ్చింది. ఆమె భర్త మల్లన్న బొగ్గుగని కార్మికుడు. పోలీసులు పట్టుకుపోయి పేర్లు చెప్పమని కొట్టే ఏళ్లలో అతన్నీ పట్టుకుపోయారు. ఒక చెవి శాశ్వతంగా పోగొట్టుకొని వచ్చాడు, ఒక్క పేరు కూడా ఇవ్వలేదు. ఇంటికి వచ్చినరోజు నడవలేని మనిషి గడప మీద ఎడమకాలు మోపి, కాసేపు అలాగే నిలబడి, అప్పుడు లోపలికి వచ్చాడని ఎల్లక్క చెబుతుంది. మల్లన్న ఇప్పుడు లేడు. ప్రేమ్‌సాగర్‌కు లక్సెట్టిపేట అమ్మాయి నవీనతో పెళ్లి కుదిరింది. అత్తగా ఎల్లక్క ఆ మాట చెప్పవలసిన సమయం వచ్చింది. మాట ఉంది, కోడలు ఉంది. పతకం లేదు.

ప్రేమ్‌సాగర్ కలప వ్యాపారిని పట్టుకున్నాడు. గడప దొరికింది, దాని నడుమ నాలుగు మేకు గుంతలు మిగిలాయి. పతకం కరీంనగర్ పోయిందని తెలిసింది. తల్లీకొడుకులు ఆ మేడకు పోయారు. వంశీధర్‌రావు వాళ్లను వరండా మెట్ల దగ్గరే నిలబెట్టి, పతకం మీద మీ పేరు రాసి ఉందా అని అడిగాడు. లేదన్నారు. అయితే అది మీది ఎట్లయితది అన్నాడు.

ఆ తర్వాత పంపిన నోటీసు ఎల్లక్క వకీలుగా నేను రాసినదే. వస్తువిక్రయ చట్టం ఇరవై ఏడో సెక్షన్ ప్రకారం, యజమాని కానివాడి దగ్గర కొన్నవాడికి, అమ్మినవాడికి లేని హక్కు రాదు. గుత్తేదారుకు లేని హక్కు కలప వ్యాపారికి రాదు, కలప వ్యాపారికి లేని హక్కు మేడకు రాదు. జవాబు వచ్చింది. ఆ పతకం మీద ఎవరి పేరూ లేదని, ఎల్లక్క పూర్వీకుడిదని చెప్పడానికి ఏ ఆధారమూ లేదని, వృద్ధ సేకర్తను వేధించడం మానుకోవాలని ఆయన న్యాయవాది రాశాడు. ఆ జవాబును నేను భద్రంగా దాచాను. ఎదుటివాడి అహంకారం సంతకంతో సహా దొరకడం మా వృత్తిలో అరుదు.

కొన్ని నెలలకు గాలి మారింది. తన కొత్త పతకం గురించి వంశీధర్‌రావు సేకర్తల పత్రికకు వ్యాసం పంపాడు. పేరులేని నక్షత్రాలు చాలా ఉన్నాయని, ఎవరిదో తేలితే తప్ప వేసుకోలేమని వాళ్లు తిప్పి పంపారు. పేరు కావాలి. ఆ పేరు లోకంలో ఒకే ఒక మనిషి నోట ఉంది. అంతకుముందు మెట్ల దగ్గర నిలబెట్టిన ఆ మనిషికి ఆయన స్వయంగా ఫోన్ చేశాడు.

ఎల్లక్క గారూ అన్నాడట. జీవితంలో మొదటిసారి ఒక మాల మనిషి పేరు చివర 'గారు' చేర్చినప్పుడు నాలుక ఎలా తిరిగిందో నాకు తెలియదు. మీ తాతల గొప్పతనం లోకానికి చెబుదామన్నాడు. కరీంనగర్‌లో ప్రదర్శన పెడుతున్నానని, వేదిక ఎక్కి లచ్చయ్య పేరు చెబితే చాలని, పెళ్లి రోజున పతకాన్ని తన కారులోనే పంపిస్తానని మాటిచ్చాడు. తర్వాత, ముఖం అంతగా ఎందుకు అరిగింది, మీరేమైనా తోమేవారా అని అడిగాడు. ఎల్లక్క ఉన్నదున్నట్టు చెప్పింది, తొక్కంగ తొక్కంగ అరిగిందని.

ఆయన చెవికి అది 'మొక్కంగ మొక్కంగ' అని వినపడింది.

ఫోన్ దోషమని ఆయన తర్వాత అన్నాడు. కాదు. పతకానికి జనం చేయగలిగింది మొక్కడమేనని తెలిసిన చెవి అది. దానికి వేరే అక్షరం వినపడదు.

వేదిక ఎక్కవద్దని ప్రేమ్‌సాగర్ తల్లితో గొడవపడ్డాడు. మన నోటితో వాని బీరువకు పేరు రాసిస్తమా అన్నాడు. ఎల్లక్క వినలేదు. ఆమెకు నోటీసుల మీద కన్నా మాట మీద నమ్మకం ఎక్కువ, ఆయన మాట ఇచ్చాడు. నేనూ ఆమెను ఆపలేదు. నా కారణం వేరు. ఆ పతకం లచ్చయ్యదని ఆయన తన సభలో, తన మైకులో, తన ఖర్చుతో లోకానికి చెప్పించుకుంటే, అది ఎల్లక్క కుటుంబానిదని ఆయనే ఒప్పుకున్నట్టు. పేరు లేకపోతే పతకం ఆయనకు పనికిరాదు, పేరు ఉంటే ఆయనది కాదు. ఇంత శుభ్రమైన ఉచ్చును నేను పన్నలేదు, ఆయనే పన్నుకొని కాలు పెట్టాడు.

ప్రదర్శన ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. బీరువాలన్నీ తరలించారు. నడుమ వేరే బల్ల మీద, ప్రత్యేక దీపం కింద ఎనిమిది కోణాల నక్షత్రం. కింద అట్ట మీద అందంగా ముద్రించిన అక్షరాలు: వీరుడు లచ్చయ్య పతకం. తరతరాలు ఇంటి ద్వారంపై ఉంచి మొక్కగా మొక్కగా అరిగిన శౌర్యచిహ్నం. ఎల్లక్కకు చదువు రాదు. ప్రేమ్‌సాగర్ చదివి వినిపించాడు. ఆమె విని వేదిక వైపు నడిచింది.

వేదిక మీద ఆమెకు శాలువా కప్పారు, మైకు ఇచ్చారు. ముందు వరసలో నగరపు పెద్దలున్నారు, అందరి ఫోన్లూ ఎత్తి ఉన్నాయి. ఎల్లక్క లచ్చయ్య పేరు చెప్పింది. చప్పట్లు కొట్టారు. ఆమె ఆగలేదు. బామ్మర్దులు ఎవరో, గుట్ట ఎవరికి చోటిచ్చిందో, అన్నం మోసిన దారిన ఎవరు ఎవరిని ఎక్కించారో, వడ్రంగి ఎక్కడ మేకులు కొట్టాడో తొందరపడకుండా చెప్పుకుంటూ పోయింది. చప్పట్లు ఎక్కడ ఆగిపోయాయో చెప్పలేను. గడప అన్న మాట వినగానే వంశీధర్‌రావు మైకు దగ్గరికి జరిగాడు. ఎల్లక్క గారు చెప్పేదేమిటంటే, గడపను మొక్కడం మన సంస్కృతి, ఆ గడపలో వీరుడి పతకం ఉంచి మొక్కారు, అందుకే ముఖం అరిగింది అని సర్దబోయాడు.

ఎల్లక్క మైకు వదల్లేదు.

"మొక్కలేదు సారూ. తొక్కినం. ఫోన్ల గూడ గదే చెప్పిన."

వెనక వరసల్లో ఎవరో నవ్వారు. నవ్వు ముందు వరసకు రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆయన అందరితో పాటు నవ్వడానికి ప్రయత్నించి, పళ్లు కనిపించేదాకా వచ్చి ఆగిపోయాడు.

సభ అయ్యాక ఎల్లక్క పక్కకు పోయి మాట గుర్తు చేసింది. పెళ్లి దగ్గర పడ్డదని, కారు ఎప్పుడు పంపుతారని అడిగింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆయన ముఖంలో అవమానం లేదు, ఆశ ఉంది. ద్రోహికి ఇచ్చిన నక్షత్రం, ఇంటి ఇల్లాలే మేకులతో కొట్టించిన నక్షత్రం, ఇలాంటిది ఇంకొకటి ఏ దేశపు సేకర్త దగ్గరా ఉండదని అప్పటికే లెక్క కట్టుకున్నాడు. ఇది ఇప్పుడు చరిత్ర అన్నాడు. సిమెంటులో కొట్టి పాడుచేస్తారన్నాడు. పెద్ద సైజు ఫొటో తీయించి, ఫ్రేము కట్టించి ఇస్తానన్నాడు.

"బువ్వ గూడ ఫొటో తీసుకొనే తింటరా దొరా మీరు?" అన్నది ఎల్లక్క.

ఆయనను ఆమె దొర అనడం నేను వినడం అదే మొదటిసారి. ఆ పిలుపు కోసం ఆయన చాలా ఏళ్లు ఎదురుచూసి ఉంటాడు. వచ్చింది, ఆ రూపంలో.

రెండో నోటీసు పంపాను. ఈసారి జవాబు రాలేదు. కోర్టు తలుపు తడితే వాయిదాలు వస్తాయి. పెళ్లికి ముహూర్తం ఉంది, దాన్ని వాయిదా వేయడం మా చేతుల్లో లేదు. పతకం లేకుండా చేద్దామని నవీన తరఫువాళ్లు మెత్తగా అన్నారు. ఎల్లక్క మంకుపట్టు పట్టలేదు. ఒక్కటే చెప్పింది: ఏడ్చి తొక్కినా నవ్వుకుంట తొక్కినా తొక్కినోళ్లే ఆ ఇంటి మనుషులు, తొక్కనిది నా కోడలని నేనెట్ల అనుకోను. మల్లన్న చెవి పోయిన సంగతి నవీనకు అప్పటికే తెలుసు. పతకం ఎక్కడుంటే తానే అక్కడికి వస్తానన్నది ఆ అమ్మాయే.

పెళ్లి లక్సెట్టిపేటలో జరిగింది. భోజనాలయ్యాక బండ్లు కాలనీ వైపు కాకుండా కరీంనగర్ దారి పట్టాయి. సాయంత్రపు ఎండలో డప్పులతో, బాసికాలతో, అక్షింతలు రాలుతున్న తలలతో పెళ్లివారు మంకమ్మతోటలో దిగారు. చుట్టుపక్కల మిద్దెల మీదికి జనం ఎక్కారు. వంశీధర్‌రావు పోర్టికోలో నిలబడి ఎవరు మీరు అన్నట్టు చూశాడు.

ఎల్లక్క గేటు పట్టుకున్నది.

"దొరా, కోడల్ని తెచ్చిన. మా పతకం ఏ ఇంట్ల ఉంటె గా ఇల్లే పిల్లకు అత్తగారిల్లు. గేటు తియ్యి, లోపటికి తోల్కస్త."

"ఏందే గీ లొల్లి? పోలీసుల పిలుస్త."

ప్రేమ్‌సాగర్ శాంతంగా జవాబిచ్చాడు. "పిలువుండ్రి సారూ. ఎవ్వలదని అడుగుతరు. మీ మీటింగు వీడియో మా అందరి ఫోన్లల్ల ఉన్నది."

పక్క మేడ మీంచి ఎవరో ముసలాయన, బహుశా ఎన్నాళ్లుగానో అవకాశం కోసం చూస్తున్నవాడు, గట్టిగా అన్నాడు: "రావు సాబ్, హారతి పట్టుండ్రి. కోడలొచ్చింది." మిద్దెలన్నీ నవ్వాయి.

ఆ నవ్వుకు ఆయన భయపడలేదు. భయపడింది గేటు గొళ్లెం మీద ఉన్న నవీన చేతికి. ఆ అమ్మాయి పెళ్లిబట్టలతో, ఆ కులంతో, తన గుమ్మం దాటి కోడలిగా లోపలికి వస్తే ఏమవుతుందో ఆయన కళ్లలో కనిపించింది. చట్టం చేయలేని పని ఆ భయం చేసింది. ఆయన లోపలికి పోయాడు. తెల్ల తొడుగులు వేసుకొని, అరచేతిలో నక్షత్రం పెట్టుకొని వచ్చాడు. గేటు ఊచల మధ్య నుంచి చేయి చాపి, ముట్టుకొని పొండ్రి అన్నాడు.

ఎల్లక్క రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నది. "చేతుల వట్టుకునేది కాదు గది. కింద వెట్టు."

ఆయన వంగలేదు. చేయి చాపి అలాగే నిలబడ్డాడు. అప్పుడు ఆయన భార్య సరళాదేవి వెనక నుంచి వచ్చింది. ఆమెకు ఎల్లక్క మీద జాలి పుట్టిందని నేను రాయను, పుట్టలేదు. ఆమెకు మిద్దెల మీది జనం కనిపిస్తున్నారు, అంతే. ఇజ్జత్ పోతున్నది, ఇంక చాలిస్తరా అని భర్తను కసిరి, తొడుగుల్లేని చేత్తో ఆ నక్షత్రాన్ని ఆయన అరచేతిలోంచి తీసి, గేటు ఒక రెక్క తెరిచి, మోకాళ్లు నొప్పి పెడుతున్నా వంగి, నాపరాయి మీద పెట్టింది. నీలం మఖ్‌మల్ మీద పడుకున్న దానికి దుమ్ము అంటింది.

నవీన చెప్పు విడిచి ఎడమకాలు దాని మీద మోపింది. ఎల్లక్క ఆమె భుజం పట్టుకొని, తన అత్త తనకు చెప్పిన మాటను, ఆ అత్తకు ఆమె అత్త చెప్పిన మాటను, వీధంతా వినేటట్టు చెప్పింది.

"గీ ఇంట్ల ఒకడు అన్నం మోసిన తొవ్వ చూపెట్టి తనోళ్లను పట్టిచ్చిండు బిడ్డా. గిది వానికి దొరికిన కూలి. తొక్కు. ఎన్ని దెబ్బలు వడ్డా ఎవ్వల పేరు ఎవ్వలకు పట్టియ్యకు."

"పట్టియ్య అత్తమ్మా" అన్నది నవీన.

ఎల్లక్క పతకాన్ని కొంగు అంచుతో తీసి, కొంగులోనే ముడి వేసుకున్నది. ఆపుతారేమో అని ప్రేమ్‌సాగర్ చూశాడు. ఎవరూ ఆపలేదు. వంశీధర్‌రావు చేయి ఇంకా ఊచల మధ్య అలాగే ఉంది, తొడుగు తెల్లగా ఉంది. బండ్లు తిరిగి మంచిర్యాల దారి పట్టాయి. ఆయన పోలీసు ఫిర్యాదు ఇవ్వలేదు. ఇస్తే ఆ వస్తువు తనకు ఎక్కడి నుంచి వచ్చిందో మొదటి వాక్యంలోనే రాయవలసి వస్తుంది.

ఫిర్యాదుకు బదులు వార్త ఇచ్చాడు. వారం తిరక్కుండా ఒక పత్రికలో ఆయన ఫొటోతో సహా వచ్చింది. వీరుడి వారసులకు అపురూప పతకాన్ని బహూకరించిన వంశీధర్‌రావు. పేద కుటుంబంలో పెళ్లికి సేకర్త కానుక. చట్టంలో కానుకకు అర్థం ఉంది. ఇచ్చేవాడు యజమాని అయి ఉండాలి, తన ఇష్టంతో ఇవ్వాలి, పుచ్చుకునేవాళ్లు కానుకగా ఒప్పుకోవాలి. ఆ సాయంత్రం గేటు దగ్గర వీటిలో ఏదీ లేదు. తనది కాని దాన్ని దాచుకోవడం, దాచుకోలేక వదలడం, వదిలినదాన్ని దానమని రాయించుకోవడం: ఆయన ఇంటివాళ్లు భూముల విషయంలోనూ ఇదే వరస పాటించారు. సీలింగు చట్టంతో పోయిన పొలానికి భూదాతలని శిలాఫలకం వేయించుకున్నారు, అది ఇప్పటికీ ఆ ఊరి బడి గోడకు ఉంది.

ఆ వార్తను కాలనీ ఇంట్లో నవీన పైకి చదివింది. ప్రేమ్‌సాగర్‌కు కోపం వచ్చి, ఖండన రాద్దామని నాకు ఫోన్ చేశాడు. రాస్తానన్నాను, రాస్తున్నాను. వెనక ఎల్లక్క గొంతు వినపడింది.

"ఇచ్చిండటనా? గాయన చెయ్యి ఎన్నడన్న మన్నుకు అంటిందా ఇయ్యనీకె? చదివింది చాలు గని, గా వడ్లు ఎండల పొయ్యి పోరీ."

నవీన చేట ఎత్తుకొని బయటికి వెళ్లిందని ఫోన్‌లో వినపడిన చిన్న చప్పుడుతో తెలిసింది. కాలనీ సిమెంటు గడపలో పతకాన్ని ప్రేమ్‌సాగర్ ఇంకా సరిగా బిగించలేదు. కాలు పడినప్పుడు అది కొద్దిగా చప్పుడు చేస్తుంది.